ఊహతో నిలబెట్టిన ఇల్లు

న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్, బ్రాడ్ స్ట్రీట్ కలిసే మూల మీద ఒక పాత టావెర్న్ ఉంది. ఒకే ఒక్క మధ్యాహ్నం గుర్తుగా దాన్ని కూలిపోకుండా కాపాడారు. కాపాడినవాళ్లు అనుకోని కథలు కూడా ఆ గోడల మధ్య మిగిలిపోయాయి.

స్వాతంత్ర్య దేవత విగ్రహం చూడ్డానికి వెళ్లిన మనవాళ్లంతా మన్‌హట్టన్ దక్షిణపు కొసన, బ్యాటరీ పార్కులో, పడవ కోసం వరసలో నిలబడతారు. తిరిగొచ్చాక వాల్ స్ట్రీట్ ఎద్దు కొమ్ములు పట్టుకుని ఫొటో దిగుతారు. ఈలోగా పిల్లలకు ఆకలేస్తుంది, పెద్దవాళ్లకు మోకాళ్లు నొప్పెడతాయి. అందరూ సబ్‌వే మెట్లు దిగిపోతారు. ఆ ఎద్దుకు కూతవేటు దూరంలో ఇటుకలతో కట్టిన పాతకాలపు ఇల్లొకటి ఉంది. నాలుగు వైపులకీ వాలిన కప్పు, కప్పులోంచి వీధిలోకి తొంగిచూసే బుల్లి కిటికీలు, నడినెత్తిన కటకటాల పిట్టగోడ. చుట్టూ ఉన్న అద్దాల మేడల పై అంతస్తు చూడాలంటే మెడ విరగాల్సిందే; ఈ ఇంటిని చూడ్డానికి మాత్రం తలెత్తే పని కూడా పెద్దగా ఉండదు.

కింద బారు, భోజనశాల. మేడ మీద మ్యూజియం. పేరు ఫ్రాన్సెస్ టావెర్న్. 1719లో కట్టిన ఇల్లని, మన్‌హట్టన్‌లో మిగిలిన కట్టడాల్లోకెల్లా పాతదని చెబుతుంటారు. 1719 అన్న మాటలో తప్పులేదు. అయితే ఇప్పుడు మన కంటికి కనబడుతున్న ఇంట్లో ఆ 1719 ఎంత, తర్వాతి కాలం ఎంత అని అడిగితే మాత్రం పేచీ మొదలవుతుంది. వందేళ్లకు పైగా నడుస్తున్న ఆ పేచీ ఈ ఇంటి చరిత్ర అంత రుచిగానూ ఉంటుంది.

ఒడ్డు మీది మూల

ఇవాళ పెర్ల్ స్ట్రీట్‌లో నిలబడితే నీళ్లు కనబడవు. డచ్చివాళ్ల కాలంలో మాత్రం ఒడ్డు అదే. బ్రాడ్ స్ట్రీట్ అప్పటికి వీధి కూడా కాదు. పడవలు ఊరి నడిబొడ్డుకు వచ్చేందుకు తవ్విన కాలువ. ఇంగ్లీషువాళ్లు వచ్చాక 1676లో దాన్ని పూడ్చేశారు, వెడల్పాటి వీధి తేలింది. ఆ తర్వాత ఒడ్డునే మట్టి పోసి పోసి ముందుకు జరిపారు. అలా కాలువ వీధీ, ఒడ్డు వీధీ కలిసిన చోట ఉన్న స్థలం ఈ ఇంటిది. ఓడ దిగినవాడు ఊళ్లోకి పోవాలన్నా, ఊళ్లోవాడు రేవుకు రావాలన్నా ఈ మూల దాటాలి.

స్థలం వాన్ కార్ట్‌లాండ్ట్ అనే డచ్చి కుటుంబానిది. అల్లుడు స్టీఫెన్ డెలాన్సీకి కట్టబెట్టారు. ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్లను తరిమేస్తే పారిపోయి వచ్చి, ఇక్కడ వ్యాపారం చేసి బాగా గడించినవాడు ఈ డెలాన్సీ. 1719లో అతను మూడంతస్తుల ఇల్లు కట్టాడు. వారసుల కాలానికి అది సరుకుల కొట్టూ వ్యాపార కార్యాలయమూ అయింది. 1762లో శామ్యూల్ ఫ్రాన్సెస్ రెండు వేల పౌన్లకు కొనుక్కుని టావెర్న్ తెరిచాడు. మూడో జార్జి రాజు కొత్తగా పెళ్లాడిన షార్లెట్ బొమ్మ పెట్టి, క్వీన్స్ హెడ్ అని పేరు తగిలించాడు. రాణిగారి తల గుర్తుగా ఉన్న ఆ ఇంట్లోనే రాజుగారి రాజ్యానికి ఎసరు పెట్టే మంతనాలు జరుగుతాయని ఆ రోజు అతనికి తెలిసి ఉండదు.

ఆ కాలపు టావెర్న్‌లో జరగని పని లేదు. ఓడ సరుకు వేలం అక్కడ, లండన్ పత్రికలు చదివేది అక్కడ, ఉత్తరాలు వదిలేది అక్కడ, సంఘాలు పుట్టేదీ అక్కడే. మన ఊళ్లో రచ్చబండ, పోస్టాఫీసు, కాఫీ హోటలు ఒకే కప్పు కింద చేరితే ఎట్లా ఉంటుందో అట్లా. 1768లో 20 మంది వర్తకులు ఈ ఇంట్లో కూచుని న్యూయార్క్ వాణిజ్య మండలిని పెట్టుకున్నారు. ఈస్టిండియా కంపెనీ టీ మీద గొడవ ముదిరాక, 1774 ఏప్రిల్‌లో లండన్ అనే ఓడ కెప్టెన్ చేంబర్స్‌ను జనం ఇక్కడికే లాక్కొచ్చారు. ఓడలో టీ లేదని మొదట బుకాయించాడు. గట్టిగా నిలదీస్తే సొంతంగా అమ్ముకోవడానికి 18 పెట్టెలు తెచ్చానని ఒప్పుకున్నాడు. ఆ రాత్రే ఆ 18 పెట్టెలూ రేవు నీళ్లలో కలిశాయి. బోస్టన్ టీ పార్టీ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, న్యూయార్క్‌ది లేదు. అదే కంపెనీ చేతికి మన ఉత్తర సర్కారులు చిక్కి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. అక్కడ దాని టీ వద్దని జనం తిరగబడుతున్న రోజుల్లో ఇక్కడ కోస్తా జిల్లాల్లో అది మెల్లగా వేళ్లూనుకుంటోంది.

మరుసటేడు ఆగస్టులో, రాత్రిపూట, కొందరు కుర్రాళ్లు బ్యాటరీ కోటలోని ఫిరంగులను ఎత్తుకుపోతుంటే రేవులో ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక ఏషియా కాల్పులు జరిపింది. ఒక గుండు టావెర్న్ కప్పులోంచి దూసుకుపోయింది. ఫిరంగులు లాగిన కుర్రాళ్లలో అలెగ్జాండర్ హామిల్టన్ అనే కాలేజీ విద్యార్థి కూడా ఉన్నాడు. తర్వాత అమెరికా తొలి ఖజానా మంత్రి అయింది అతనే.

బుధవారాల విచారణ

1776లో బ్రిటిష్ సైన్యం న్యూయార్క్‌ను పట్టుకుంది. ఏడేళ్లు వదల్లేదు. ఆ ఏడేళ్లలో దక్షిణాది తోటల నుంచి, ఉత్తరాది ఇళ్ల నుంచి వేలమంది నల్లజాతి బానిసలు తప్పించుకుని ఈ ఊరికి చేరారు. తిరుగుబాటుదార్ల బానిసలు తమ వైపు వస్తే స్వేచ్ఛ ఇస్తామని బ్రిటిష్‌వాళ్లు ప్రకటించారు మరి. వాళ్ల మీద ప్రేమతో కాదు, శత్రువు ఇల్లు గుల్ల చేయడానికి. ఏ ఉద్దేశంతో అన్నా, మాట ఇచ్చారు.

యుద్ధం ఓడిపోయాక ఆ మాట గుదిబండ అయింది. సంధి షరతుల్లో ఏడోది ప్రకారం బ్రిటిష్ సైన్యం పోతూ పోతూ అమెరికన్ల ఆస్తిని, అందులో భాగంగా నల్లవాళ్లను, వెంట తీసుకుపోకూడదు. 1783 మే 6న హడ్సన్ ఒడ్డున టాపన్‌లో జార్జి వాషింగ్టన్, బ్రిటిష్ సేనాధిపతి గై కార్ల్‌టన్ ముఖాముఖి కూచున్నారు. మా ఆస్తి మాకిమ్మన్నాడు వాషింగ్టన్. సంధికి ముందే మా దగ్గరికి వచ్చినవాళ్లు అప్పటికే స్వేచ్ఛాజీవులు, వాళ్లు ఎవరి ఆస్తీ కాదు, మా ప్రభుత్వం ఇచ్చిన మాట తప్పను అన్నాడు కార్ల్‌టన్. కావాలంటే ఎవరెవరు పోతున్నారో పేర్లు రాసిపెడతాం, నష్టపరిహారం సంగతి తర్వాత తేల్చుకోవచ్చు అన్నాడు.

ఆ పేర్ల పుస్తకమే బుక్ ఆఫ్ నీగ్రోస్. సుమారు మూడు వేల మంది. ప్రతి మనిషికీ పేరు, వయసు, ఒంటి తీరు, ఎవరి దగ్గర బానిసగా ఉండేవాడు, ఎప్పుడు వచ్చేశాడు, ఏ ఓడలో పోతున్నాడు అన్నీ రాశారు. ఊరి కమాండెంట్ బ్రిగేడియర్ జనరల్ శామ్యూల్ బర్చ్ సంతకంతో స్వేచ్ఛాపత్రాలు ఇచ్చారు. ఈ మనిషి నాదంటూ పాత యజమాని వచ్చి వాదిస్తే విచారణ. బ్రిటిష్, అమెరికన్ ప్రతినిధులు కలిసి కూచునే ఆ విచారణ ప్రతి బుధవారం జరిగేది ఫ్రాన్సెస్ టావెర్న్‌లోనే. మే నుంచి నవంబరు దాకా నడిచింది. కొందరు పత్రం చేతబట్టుకుని ఓడెక్కారు. కొందరిని యజమానులకు అప్పగించేశారు. తిండికీ తాగుడుకీ వచ్చేవాళ్లు మెట్లెక్కి దిగే ఇంట్లో, ఒకరి జీవితం మొత్తం అటో ఇటో ఆ గదిలో తేలిపోయేది.

ఆ పుస్తకంలో హ్యారీ వాషింగ్టన్ అనే పేరు కనిపిస్తుంది. 43 ఏళ్లు. గాంబియాలో పుట్టి, బానిస ఓడలో వచ్చి, 1763లో జార్జి వాషింగ్టన్ కొన్న మనిషి. 1776లో వాషింగ్టన్ తోట మౌంట్ వెర్నన్ నుంచి తప్పించుకుని బ్రిటిష్ వైపు వెళ్లాడు. 20 ఏళ్ల డెబోరా స్క్వాష్ అనే ఆమె పేరు కూడా ఉంది. 1781లో పొటోమాక్ నదిలోకి బ్రిటిష్ నౌక వచ్చినప్పుడు అదే మౌంట్ వెర్నన్ నుంచి పారిపోయిన 17 మందిలో ఆమె ఒకతె. టాపన్‌లో ఆస్తి గురించి వాదించిన మనిషికి అందులో సొంత లెక్క ఉందని ఈ రెండు పేర్లూ చెబుతాయి.

హ్యారీ 1783 జులై చివర్లో లాబొందాన్స్ అనే ఓడలో నోవా స్కోషియా వెళ్లాడు. అక్కడ నల్లవాళ్ల ఊరికి బర్చ్ పేరే పెట్టుకున్నారు, బర్చ్‌టౌన్ అని. చలి, రాతినేల, ఇస్తామన్న భూములు చేతికి రాకపోవడం. 1792లో ఆ చలిదేశాన్ని విడిచి సియెర్రా లియోన్‌కు ఓడలు బయల్దేరితే వాటిలో హ్యారీ ఉన్నాడు. అక్కడా భూమి పన్ను మీద 1800లో ఆ వలసను నడిపే కంపెనీ పాలకులపై తిరగబడి, దేశబహిష్కారం పాలయ్యాడు. పాత యజమాని పన్నుల మీద తిరగబడితే జాతిపిత అయ్యాడు.

డిసెంబరు 4, మధ్యాహ్నం

1783 నవంబరు 25న బ్రిటిష్ సైన్యం ఊరు ఖాళీ చేసింది. ఆ సాయంత్రం గవర్నర్ జార్జి క్లింటన్ ఈ టావెర్న్‌లోనే విందిచ్చాడు. 13 రాష్ట్రాలకు తగ్గట్టు 13 సార్లు గ్లాసులు లేచాయి. తొమ్మిది రోజుల తర్వాత, డిసెంబరు 4 మధ్యాహ్నం, మేడ మీది లాంగ్ రూమ్‌లో వాషింగ్టన్ తన సైనికాధికారులకు వీడ్కోలు చెప్పాడు. గ్లాసులో ద్రాక్షసారా పోసుకుని రెండు మూడు మాటలు మాట్లాడాడు. నేను ఒక్కొక్కరి దగ్గరికీ రాలేను, మీరే వచ్చి చెయ్యి కలపండి అన్నాడు. దగ్గరున్న హెన్రీ నాక్స్ ముందు వెళ్లాడు. చెయ్యి కలపబోయి కావలించుకున్నారు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు. మాట్లాడినవాళ్లు లేరు. అక్కణ్నుంచి వైట్‌హాల్ రేవుకు నడిచి వెళ్లి పడవెక్కాడు. అదే నెల 23న అనాపొలిస్‌లో సర్వసేనాని పదవి వదిలేశాడు.

యుద్ధం గెలిచిన సేనాని సింహాసనమెక్కకుండా ఇంటికి పోవడం ఆ కాలంలో వింత. అందుకే ఆ మధ్యాహ్నం అమెరికన్ల మనసులో నిలిచిపోయింది. కాని ఆ గదిలో ఏం జరిగిందో మనకు ముఖ్యంగా ఒక్క మనిషి చెప్పగా తెలుసు. బెంజమిన్ టాల్మడ్జ్ అనే అధికారి, యుద్ధంలో వాషింగ్టన్ గూఢచారి దళాన్ని నడిపినవాడు, ముసలితనంలో, 1830 ప్రాంతంలో, పిల్లల కోసం రాసిపెట్టుకున్న జ్ఞాపకాల్లో ఆ దృశ్యం ఉంది. దాదాపు 50 ఏళ్ల తర్వాతి రాత. టాల్మడ్జ్ పేరు గుర్తుంచుకోండి, ఈ ఇంటి కథలోకి మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఈ ఇల్లు ప్రభుత్వ కార్యాలయం. న్యూయార్క్ దేశ రాజధానిగా ఉన్న రోజుల్లో విదేశాంగ, ఖజానా, యుద్ధ శాఖలు 1785 నుంచి 1788 దాకా ఇందులో అద్దెకున్నాయి. ఫ్రాన్సెస్ ఇల్లు అమ్మేసి, 1789లో అధ్యక్షుడు వాషింగ్టన్ ఇంటి నిర్వహణ చూసే స్టువర్డ్‌గా చేరాడు. 1795లో ఫిలడెల్ఫియాలో పోయాడు.

ఇంటికి పట్టిన గతి

19వ శతాబ్దం ఈ ఇంటిని తేలిగ్గా వదల్లేదు. నావికులూ వలస వచ్చినవాళ్లూ దిగే చౌక బసగా మారింది. 1832లో, 1837లో, 1852లో నిప్పంటుకుంది. కాలినప్పుడల్లా బాగుచేశారు. బాగుచేసినప్పుడల్లా ఏదో ఒకటి మార్చారు. వాలు కప్పు పోయి చదును కప్పు వచ్చింది. మీద రెండంతస్తులు లేచి, మొత్తం ఐదయ్యాయి. 1890లో నేల అంతస్తును వీధి మట్టానికి దించి ముఖం మార్చేశారు. ఊడబీకిన పాత దూలాలను ముక్కలు చేసి జ్ఞాపికలుగా అమ్ముకున్నారు. అప్పటి ఫొటోల్లో చూస్తే, వీధి పొడుగునా ఉన్న నూరు సారా కొట్లలో ఇదొకటి.

1883లో, వీడ్కోలు జరిగి సరిగ్గా వందేళ్లయిన డిసెంబరు 4న, విప్లవ యోధుల వారసుల సంఘం ఒకటి ఆ గదిలోనే భోజనాలు చేసి సంఘాన్ని పునర్వ్యవస్థీకరించుకుంది. సన్స్ ఆఫ్ ది రివల్యూషన్. ఇది బయటివాళ్లకు పెద్దగా పట్టని ముచ్చట. 1900 ప్రాంతంలో ఇల్లు పడగొట్టేస్తారన్న మాట వచ్చాక మాత్రం పట్టింది. చారిత్రక స్థలాల పరిరక్షణ కోసం పనిచేసే మహిళలు ముందు గొడవ మొదలుపెట్టారు. నగర పాలక సంస్థ బలవంతపు సేకరణ అధికారం వాడి స్థలాన్ని పార్కుగా చేసే ఆలోచన దాకా వెళ్లింది. చివరికి 1904లో సన్స్ ఆఫ్ ది రివల్యూషన్ కొనేసింది. డబ్బు ఎక్కడిదంటే, ఆ సంఘం అధ్యక్షుడిగా ఉండి అప్పుడే చనిపోయిన ఫ్రెడరిక్ శామ్యూల్ టాల్మడ్జ్ వీలునామాలో రాసిచ్చింది. బెంజమిన్ టాల్మడ్జ్ మనవడు ఆయన. తాత రాసిన జ్ఞాపకం జరిగిన గదిని మనవడి సొమ్ము కొన్నది.

బాగుచేసే పని విలియం మెర్సరో అనే ఆర్కిటెక్టుకు అప్పగించారు. ఆయనకొచ్చిన చిక్కు ఏమిటంటే, 18వ శతాబ్దంలో ఆ ఇల్లు బయటికి ఎట్లా కనిపించేదో చూపే నమ్మకమైన బొమ్మ ఒక్కటీ లేదు. ఉన్నవి కాలిన గోడలు, తర్వాతెవరో పేర్చిన ఇటుకలు, పైన తగిలించిన అంతస్తులు. పై అంతస్తులు తీయించాడు. గోడ ఇటుకల్లో పాత కప్పు వాలు ఆనవాలు దొరికిందన్నాడు. దాన్ని పట్టుకుని నాలుగువైపులా వాలిన కప్పు వేశాడు. ఆనవాలు దొరకని చోట అదే కాలపు ఇళ్లను చూసి పూరించాడు. యాంకర్స్‌లోని ఫిలిప్స్ మేనర్ హాల్ అట్లా పనికొచ్చింది. 1907 డిసెంబరు 4న, మళ్లీ అదే తేదీన, తలుపులు తెరిచారు.

ఇది పాత ఇంటి మరమ్మతు కాదు, ఊహ మీద కట్టిన కొత్త ఇల్లు అన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది. అమెరికన్ ఆర్కిటెక్టుల సంఘం వేసే న్యూయార్క్ నగర గైడు కూడా, మిగిలిన గోడ ముక్కలకు బోలెడంత అంచనా కలిపి కట్టిందన్న ధోరణిలోనే దీన్ని పరిచయం చేస్తుంది. 1965లో నగర ల్యాండ్‌మార్క్స్ కమిషన్ దీనికి రక్షిత కట్టడం హోదా ఇచ్చింది. పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్ లాంటి మహాకట్టడాన్ని కూల్చేసుకున్న తర్వాత నగరానికి బుద్ధొచ్చి పెట్టుకున్న కమిషన్ అది. నిజమైన పాత స్టేషన్ మట్టిలో కలిసింది, ఊహించి కట్టిన టావెర్న్‌కు చట్టం అండ దొరికింది. దీన్ని తప్పు పట్టేవాళ్లను నేను తప్పు పట్టలేను. అయినా ఒక సంగతి ఉంది. మెర్సరో కప్పు వేసి ఇప్పటికి 100 ఏళ్లు దాటిపోయింది. డెలాన్సీ వేసిన కప్పు ఎప్పుడు పోయిందో గాని, దాని ఆయుష్షుకు ఇది దగ్గరపడుతోంది. 1907 వాళ్లు తమ దేశపు పుట్టుకను ఎట్లా ఊహించుకున్నారో చూపే దస్తావేజుగా చూస్తే ఈ ఇల్లు నూటికి నూరుపాళ్లు అసలుదే.

రోడ్డుకు అవతలి పక్క

టావెర్న్‌కు ఎదురుగా, 85 బ్రాడ్ స్ట్రీట్ అనే 30 అంతస్తుల ఆఫీసు భవనం ఉంది. దాని ముందు కాలిబాటలో గాజు పలకలు పరిచి ఉంటాయి. వంగి చూస్తే లోపల దీపాల వెలుతుర్లో పాత రాతిగోడల పునాదులు. అది లవ్‌లేస్ టావెర్న్. ఇంగ్లీషు గవర్నర్ ఫ్రాన్సిస్ లవ్‌లేస్ 1670లో కట్టించాడు, 1706లో కాలిపోయింది. దాని పక్కనే ఇంకా పాత కట్టడం ఒకటి ఉండేది. డచ్చి గవర్నర్ విల్లెం కీఫ్ట్, ఊరికొచ్చిన ప్రతివాడూ తన ఇంట్లోనే దిగుతుంటే విసిగిపోయి 1642 ప్రాంతంలో కట్టించిన ఊరి బస అది. 1653లో అదే నగర పాలక భవనం అయింది. 17వ శతాబ్దం చివరికి పడగొట్టారు.

1979లో ఆ స్థలంలో ఆఫీసు కట్టాలంటే ముందు తవ్వకాలు జరపాలని ల్యాండ్‌మార్క్స్ కమిషన్ పట్టుబట్టింది. న్యూయార్క్ నగరంలో పెద్దస్థాయిలో జరిగిన మొదటి పురావస్తు తవ్వకం అదే. నగర భవనం ఆనవాళ్లు దొరుకుతాయనుకుంటే, ఎవరూ అనుకోని లవ్‌లేస్ టావెర్న్ పునాదులు బయటపడ్డాయి. పొగ తాగే మట్టి గొట్టాల ముక్కలు, సీసాల గాజు కుప్పలు కుప్పలుగా వచ్చాయి. తాగేవాళ్లు వదిలిపోయిన వస్తువులు పత్రాలకన్నా ఎక్కువ నిజాలు చెబుతాయని పురావస్తువాళ్లు అంటుంటారు గాని, అవి ఎవరెవరు తాగారో మాత్రం చెప్పవు. డచ్చి భవనం ఉన్న చోట దాని కొలతలను కాలిబాట మీద పసుపు ఇటుకలతో గీతగీసి వదిలేశారు.

అంటే ఒక్క కూడలిలో మూడు టావెర్న్‌లు, మూడు పద్ధతులు. ఒకటి నేల మీద గీత. ఒకటి గాజు కింద పునాది. అందులో ప్రతి రాయీ అసలుదే, ఒక్క మనిషీ కాలు పెట్టలేడు. ఒకటి ఊహతో కట్టిన ఇల్లు; అందులో ప్రతి మధ్యాహ్నం జనం బీరు తాగుతారు. సంరక్షణ పాఠాలు చెప్పేవాళ్లు మొదటి రెండింటినే మెచ్చుకుంటారు. నేను మాత్రం మూడోదానికే ఓటేస్తాను. హైదరాబాదులో కుతుబ్‌షాహీల కాలపు షేక్‌పేట సరాయి ఉంది. గోల్కొండకు వచ్చే వర్తకులూ బాటసారులూ దిగిన రెండంతస్తుల ఇల్లు. అటువంటిది బాగుచేసుకున్నాక చుట్టూ కంచె వేసి బోర్డు పెడతామా, ఒక మూల టీ కాచే పొయ్యి కూడా పెడతామా అన్నది మనవాళ్లు తేల్చుకోవాల్సిన సంగతే.

ఫ్రాన్సెస్ టావెర్న్‌లో జనం తినడం మానకపోవడానికి చెల్లించిన వెల కూడా ఉంది. 1975 జనవరి 24న, మధ్యాహ్న భోజనం వేళ, ఇక్కడ బాంబు పేలింది. నలుగురు చనిపోయారు, 50 మందికి పైగా గాయపడ్డారు. ప్యూర్టో రికో స్వాతంత్ర్యం కోసం సాయుధంగా పనిచేసే ఎఫ్‌ఏఎల్‌ఎన్ అనే సంస్థ తానే పెట్టానని ప్రకటించింది. అమెరికా స్వాతంత్ర్యపు గుర్తు మీద, అమెరికా నుంచి స్వాతంత్ర్యం కోరుతున్నవాళ్లు దాడి చేశారని పత్రికలు రాయడానికి బాగుంటుంది. భోజనానికి వచ్చి శవాలైన ఆ నలుగురికి ఆ చమత్కారంతో పని లేదు. ఆ పేలుడు కేసులో ఎవరికీ శిక్ష పడలేదు. మూడేళ్ల తర్వాత, 1978లో, టావెర్న్ ఉన్న బ్లాకు మొత్తాన్ని నగరం చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. అందువల్ల చుట్టూ ఉన్న పాత గోదాముల్లాంటి ఇళ్లు కూడా మిగిలాయి. ఒంటరిగా నిలబడి ఉంటే ఈ టావెర్న్ బొమ్మరిల్లులా ఉండేది.

గోడ మీది మనిషి

శామ్యూల్ ఫ్రాన్సెస్ నల్లవాడా, తెల్లవాడా? ఇది ఈ ఇంటి చుట్టూ ఉన్న మరో పేచీ. ఆ కాలంలో అతన్ని బ్లాక్ శామ్ అనేవాళ్లు. వెస్టిండీస్ నుంచి వచ్చాడని చెబుతారు. 1790 జనాభా లెక్కల్లో తెల్లవాడిగా నమోదయ్యాడు. ఈ వాదనలో తెల్లవాడన్న పక్షంవాళ్లు ఒక తైలవర్ణ చిత్రాన్ని చూపించేవాళ్లు. విగ్గు పెట్టుకున్న తెల్లటి మనిషి బొమ్మ. ఫ్రాన్సెస్‌దేనని ఏళ్ల తరబడి మ్యూజియంలో ఉంది. జర్మనీలో డ్రెస్డెన్ మ్యూజియంలో అదే మనిషి మరో బొమ్మ కనబడిందని ఒక జర్మన్ చరిత్రకారుడు చూపించాక, అది ఫ్రాన్సెస్ కాదని మ్యూజియమే ఒప్పుకుంది. వాదనకు ఆధారం ఒకటి తగ్గింది, వాదన తగ్గలేదు.

ఫ్రాన్సెస్ గురించి నిలబడే ఆధారాలు వేరే ఉన్నాయి. యుద్ధకాలంలో బ్రిటిష్ జనరల్ వంటింట్లో బలవంతంగా పనిచేశానని, మిగిలిన తిండి అమెరికన్ ఖైదీలకు చేరవేశానని, కబుర్లు కూడా అందించానని 1785లో కాంగ్రెస్‌కు అర్జీ పెట్టుకున్నాడు. ఇక అతని కూతురు ఫీబీ, వాషింగ్టన్‌కు పెట్టబోయిన విషం కలిపిన బఠానీల గుట్టు రట్టు చేసి ఆయన ప్రాణం కాపాడిందన్న కథ పిల్లల పుస్తకాల్లో చాలాకాలం ఉంది. ఫీబీ అనే కూతురు అతనికి ఉన్నట్టు ఏ రికార్డూ లేదు. వాషింగ్టన్ అంగరక్షకుల్లో థామస్ హికీ అనే ఒకణ్ని 1776లో ఉరితీసింది మాత్రం నిజం. బఠానీలకు కాదు, తిరుగుబాటు కుట్రకు.

ఫీబీ బఠానీల కథకు దొరికిన చోటు బుధవారాల విచారణకు చాలాకాలం దొరకలేదు. ఇల్లు కొన్నవాళ్లు వీడ్కోలు కోసం కొన్నారు, లాంగ్ రూమ్ దాని కోసం తయారైంది, ఏటా వేడుక దానికే. మూడు వేల మంది పేర్లున్న పుస్తకం ప్రతులు లండన్‌లోనూ వాషింగ్టన్‌లోనూ ఆర్కైవుల్లో ఉన్నాయి గాని, విచారణ జరిగిన ఇంట్లో దాని ఊసు లేదు. ఇటీవలి ఏళ్లలోనే మ్యూజియం బర్చ్ విచారణల మీద విడిగా ఒక ప్రదర్శన పెట్టింది. చరిత్రకారుల పనీ, బానిసల వారసుల పట్టుదలా దాని వెనక ఉన్నాయి. ఇల్లే లేకపోయి ఉంటే ఈ కథ ఎక్కడో ఒక పుస్తకంలో అధోజ్ఞాపికగా ఉండేది. వీడ్కోలు భక్తులు కాపాడిన చిరునామా వాళ్ల ఆలోచనలో లేని మనుషులకు ఇన్నాళ్లకు పనికొచ్చింది. 1904లో ఆ ఇంటిని కొన్న పెద్దమనుషులకు హ్యారీ వాషింగ్టన్ కథ చెబితే ఎంత ఇబ్బంది పడేవాళ్లో ఊహించుకోవచ్చు. ఇవాళ అదే సంఘం ఆస్తిలో, అదే మెట్ల పైన, ఆ కథ గోడ మీద ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. దగ్గరి సబ్‌వే స్టేషన్లు వైట్‌హాల్ స్ట్రీట్, బౌలింగ్ గ్రీన్. స్టాటెన్ ఐలాండ్ పడవ రేవు నుంచి కూడా నడిచిపోవచ్చు. మ్యూజియానికి టికెట్టు కొనాలి. వాషింగ్టన్ వెంట్రుకల పాయ, పన్ను ముక్క లాంటివి కూడా దాచిపెట్టారు, అటువంటివాటి మీద మోజు ఉంటే చూడొచ్చు. కింద భోజనశాలలో కూచోడానికి టికెట్టు అక్కర్లేదు. ముందు మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లండి. గాజు కింద లవ్‌లేస్ పునాదులు చూసి, పసుపు ఇటుకల గీత చూసి, అప్పుడు ఇటు తిరిగి టావెర్న్ కప్పు వంక చూడండి. ఆ రెండింటి తర్వాత చూస్తే, చేతిలో ఒక్క బొమ్మైనా లేకుండా మెర్సరో ఎంత తెగించాడో తెలుస్తుంది.